రెండో రైడరుకు ధర ఎంత?

పోయిన చార్టులో తొమ్మిదో తరగతి తమ్ముడొకడు "కాగితం కబడ్డీ ఆట హాస్టల్లో ఆపేయాలి" అని రాసినాడు. ఆ పక్కనే ఇంకొకరు ఎర్ర ఇంకుతో "స్టార్లు లేని టీము టీమే కాదు" అని రాసినారు. ఇద్దరికీ కలిపి ఒకటే జవాబు రాద్దామని కూర్చున్నాను. తెలుగు సారు రెండు చార్టులే ఇచ్చినారు గనక అక్షరాలు చిన్నవిగా పడినాయి. దగ్గరికి వచ్చి చదువుకోండి, వెనకవాళ్ళను తొయ్యొద్దు.

ఆట సంగతి తెలియని ఐదో తరగతి పిల్లల కోసం ముందు నాలుగు మాటలు. 2025 ఆగస్టు 29న వైజాగులో ప్రో కబడ్డీ పన్నెండో సీజను మొదలైంది గదా, అప్పటినుంచి మన హాస్టల్లో ఈ ఆట నడిచింది. ఫోన్లు మనకు లేవు, ఉండకూడదు కూడా. లైబ్రరీ పేపర్లో ఆటల పేజీ ఉంది, ఆదివారం మెస్సులో టీవీ ఉంది. అవి చాలు. ప్రతి టీముకు 100 రూపాయలు. కాగితం మీది రూపాయలే. వాటితో ఏడుగురిని కొనాలి: ముగ్గురు రైడర్లు, ముగ్గురు డిఫెండర్లు, ఒక ఆల్‌రౌండరు. పెద్ద పేరున్నవాళ్ళ ధర 30, తరువాతి వాళ్ళకు 15, ఆ తరువాత 10, అందరికంటే తక్కువ 5. మనవాడు కూతకు పోయి తెచ్చిన ప్రతి పాయింటుకు మన పుస్తకంలో ఒకటి, పట్టుకు రెండు. అతని జట్టు గెలిచిందా ఓడిందా అన్నది మన లెక్కలోకి రాదు. ఈ చివరి మాట గుర్తు పెట్టుకోండి, దీంతో కింద పని ఉంది.

సీజనంతా లెక్కల పుస్తకం నా దగ్గరే ఉన్నింది. దసరా సెలవులకు మనం ఊళ్ళకు పోయినప్పుడు తప్ప ఒక్క వారం కూడా లెక్క ఆగలేదు. అందరి టీములూ చూసినవాణ్ణి గనక చెప్తున్నాను: మనవాళ్ళలో ఎక్కువమంది ముందు ఇద్దరు 30 రూపాయల వాళ్ళను రాసేస్తారు. ఆ తరువాత తల గోక్కుంటారు. మిగిలిన 40 రూపాయలతో ఐదుగురు రావాలి, యాడ నుంచి వస్తారు? ఐదు రూపాయల వాళ్ళను నింపుతారు. వాళ్ళు బెంచీ మీద కూర్చుని నీళ్ళు తాగుతుంటే, "మా టీముకు అదృష్టం లేదన్నా" అని నా దగ్గరికి వస్తారు. అదృష్టం పనేం లేదు సోదరా, అది తీసివేత లెక్క.

లెక్క చేసి చూపిస్తాను. సులభంగా ఉండాలని గుండు సంఖ్యలు వేస్తున్నాను. 30 రూపాయల రైడరు మ్యాచికి 11 తెస్తాడు అనుకుందాం. 15 రూపాయల రైడరు 7. పది రూపాయల కార్నరు రెండు పట్లు పడతాడు, అంటే మన లెక్కలో 4. ఐదు రూపాయలవాడు ఒకటి. ఇప్పుడు ఇద్దరు స్టార్లు, ఒక 15 రూపాయల రైడరు: 75 అయిపోయినాయి. మిగిలిన 25తో నలుగురు కావాలి గనక ఒకడు పది రూపాయలవాడు, ముగ్గురు ఐదు రూపాయల వాళ్ళు. మొత్తం 22, 7, 4, 3. కలిపితే 36. స్టారు వద్దే వద్దు అనుకుని ముగ్గురు 15 రూపాయల రైడర్లను, నలుగురు పది రూపాయల వాళ్ళను కొంటే? 21, 16. కలిపితే 37. ఇద్దరు స్టార్లున్న టీము కంటే ఒకటి ఎక్కువే. పైగా జేబులో ఇంకా 15 రూపాయలు మిగిలినాయి. ఆ 15 వేసి ముగ్గురు రైడర్లలో ఒకణ్ణి స్టారుగా మార్చండి: 11, 14, 16. మొత్తం 41. సరిగ్గా 100 రూపాయలు.

చూసినారా? స్టారును కొనొద్దని నేను అనడం లేదు. ఆఖర్న కొనండి అంటున్నాను. మిగిలిన రూపాయి పప్పులో పోపుకు పనికిరాదు గనక, అన్ని చోట్లా పనిచేసేవాళ్ళను పెట్టుకున్నాక మిగిలిన డబ్బంతా ఒక పెద్దాయన మీద పెట్టొచ్చు. మనవాళ్ళు చేసేది దీనికి తలకిందులు. ఇంకొక కిటుకు. 30 రూపాయలకు 11 పాయింట్లు అని చూడకండి. ఎవడో ఒకణ్ణి ఐదు రూపాయలకు పెట్టక తప్పదు, వాడు ఒక పాయింటు ఎట్లాగూ తెస్తాడు. కాబట్టి స్టారుకు మీరు నిజంగా పెడుతున్నది అదనంగా 25, వస్తున్నది అదనంగా 10. పదిహేను రూపాయలవాడికి అదనంగా పెట్టేది 10, వచ్చేది 6. భాగహారం మీరే చేసుకోండి, లెక్కల సారు సంతోషపడతారు.

ఈ ఆట మనం కనిపెట్టింది కాదు. ఇంగ్లండులో ఫుట్‌బాల్ మీద చాలా ఏళ్ళుగా ఆడుతున్నారు. అక్కడి ప్రీమియర్ లీగు వాళ్ళ ఆటలో పదిహేను మందిని కొనాలి, బడ్జెట్ 100. కాకపోతే వాళ్ళు మిలియన్ పౌండ్లలో లెక్క వేసుకుంటారు, కాగితం మీదే లెండి. 2015లో లెస్టర్ సిటీ అనే జట్టును ఎవరూ లెక్క చేయలేదు. ఆ జట్టులో రియాద్ మహ్రెజ్ అనే అల్జీరియా ఆటగాడి ధర ఆ ఆటలో ఐదున్నర. స్టార్ల ధరలో సగం కూడా కాదు. ఆ సీజను అయ్యేసరికి 2016లో లెస్టర్ ఛాంపియన్ అయింది, మహ్రెజ్ 17 గోల్సు కొట్టినాడు, ఆ కాగితం ఆటలో అందరికంటే ఎక్కువ పాయింట్లు తెచ్చినవాడు కూడా అతనే. మొదటి వారం అతణ్ణి కొన్నవాళ్ళు ఎంత నవ్వుకున్నారో! ధర అనేది నిన్నటి ఆట చూసి వేస్తారు. పాయింట్లు రేపటి ఆటలో వస్తాయి. ఆ రెంటి మధ్య ఉన్న సందులోనే మనకు లాభం.

మన కబడ్డీలోకి వద్దాం. సిద్ధార్థ్ దేశాయ్‌ను 2018లో యూ ముంబా 36.4 లక్షలకు కొన్నారు. అప్పటికి కొత్తవాడు. ఆ సీజనులో 200 దాటి రైడ్ పాయింట్లు తెచ్చినాడు. మరుసటి ఏడాది 2019లో మన తెలుగు టైటాన్స్ అతణ్ణి 1.45 కోట్లకు తెచ్చుకున్నారు. అప్పుడూ 200 దాటి తెచ్చినాడు, ఇంచుమించు అన్నే. మనిషి అదే, కూత అదే. ధర మాత్రం దాదాపు నాలుగు రెట్లు. టైటాన్స్ ఆ ఏడాది పట్టికలో అడుగుకు దగ్గరగా ఉండిపోయింది. దేశాయ్ తప్పు ఏమీ లేదు, అతను చేయాల్సింది చేసినాడు.

పవన్ సెహ్రావత్ సంగతి ఇంకా గట్టి ఉదాహరణ. 2022లో తమిళ్ తలైవాస్ 2.26 కోట్లు పెట్టి కొన్నారు. అప్పటికి లీగులో అదే పెద్ద ధర. మొదటి మ్యాచిలోనే మోకాలికి దెబ్బ తగిలి ఆ సీజనంతా కూర్చోవలసి వచ్చింది. తలైవాస్ పని అయిపోయింది అనుకున్నారు అందరూ. అప్పుడు నరేందర్ అనే కుర్రాడు లేచినాడు. అదే అతని మొదటి సీజను. 243 రైడ్ పాయింట్లు తెచ్చినాడు. అంతకు ముందు ఎన్నడూ ప్లేఆఫ్ చూడని తలైవాస్ ఆ ఏడాది సెమీఫైనల్ ఆడింది. ఈ వ్యాసానికి పేరు ఇక్కడి నుంచే పెట్టినాను. మొదటి రైడరు పడిపోయినప్పుడు లేచేవాడికి ముందు రోజు ధర ఎంత ఉంటుంది? ఐదు రూపాయలు. శనివారం మన ధరల పట్టిక మారేలోపు అతణ్ణి రాసుకున్నవాడు తెలివైనవాడు.

అదే పవన్‌ను 2023లో టైటాన్స్ 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొన్నారు. ఈసారి బాగానే ఆడినాడు, 200 దాటినాయి పాయింట్లు. జట్టు మాత్రం 22 మ్యాచిల్లో రెండే గెలిచి అందరికంటే కింద నిలిచింది. మన కాగితం లెక్కలో జట్టు గెలుపు రాదని పైన చెప్పినాను గదా, కాబట్టి కాగితం మీద ఆ ఏడాది పవన్ మంచి కొనుగోలే. నిజం టీముకు? ఒకడు తెచ్చింది మిగతావాళ్ళు పోగొడుతుంటే ఏం లాభం? ఈ రెండు లెక్కలూ వేరువేరు అని తెలుసుకోవాలి. 2025లో పవన్ లేకుండానే, విజయ్ మాలిక్ కెప్టెన్‌గా, టైటాన్స్ రెండో క్వాలిఫయర్ దాకా పోయినారు. మెస్సులో ఆ రోజు ఎంత గోల చేసినామో వార్డెన్ సారుకు గుర్తుండే ఉంటుంది.

పెద్ద ధర ఎప్పుడూ దండగ అని కూడా చెప్పలేను. ఇరాన్ ఆటగాడు మొహమ్మద్‌రెజా షాద్లూయ్‌ని 2023లో పుణేరి పల్టన్ 2.35 కోట్లకు కొన్నారు, కప్పు వాళ్ళకే వచ్చింది. 2024లో హర్యానా స్టీలర్స్ 2.07 కోట్లకు కొన్నారు, కప్పు అక్కడికి పోయింది. కానీ అతను చేసేది ముఖ్యంగా పట్టు. 2023 సీజనులో 99 ట్యాకిల్ పాయింట్లు. పట్టుకు అంత డబ్బు పెట్టే ధైర్యం అంతకు ముందు చాలామందికి లేదు. మనలో ఎవరైనా మొదటి 30 రూపాయలు డిఫెండరు మీద పెట్టినారా? పుస్తకం నా దగ్గరే ఉంది, ఒక్కరూ లేరు.

తక్కువ ధరలో మంచివాణ్ణి యాడ వెతకాలి అని అడుగుతారు. ఆళ్లగడ్డ రోడ్డు పక్కన శిల్పుల కొట్టాల దగ్గర బస్సు ఆగినప్పుడు చూడండి. వాళ్ళు రాయి రంగు చూసి మురిసిపోరు. సుత్తితో తట్టి మోత వింటారు. కంగుమంటే పగులు లేనట్టు. మనం తట్టి వినాల్సింది ఇవి. మొదటి ఏడుగురిలో దిగుతున్నాడా, లేక ఎవరన్నా అలిసిపోతే వచ్చేవాడా? నలభై నిమిషాలూ మ్యాటు మీద ఉండేవాడు పేరు లేకపోయినా ఏదో ఒకటి తెస్తాడు. రెండోది, ఓడే జట్టు కార్నరును చిన్నచూపు చూడొద్దు. లోపల ముగ్గురో అంతకు తక్కువో మిగిలినప్పుడు రైడరును పడితే సూపర్ ట్యాకిల్, రెండు పాయింట్లు. గెలిచే జట్టులో ఆ అవకాశం తక్కువ, ఓడే జట్టులో రోజూ వస్తుంది. మూడోది, మూడో రైడరుతో జాగ్రత్త. వరసగా రెండు కూతలు ఖాళీ పోతే మూడోది చావో రేవో. పెద్ద రైడరును కాపాడుకోవాలని చాలా జట్లు అప్పుడు ఈ మూడోవాణ్ణే పంపుతాయి. పాపం ధైర్యం గలవాడే, కానీ మన లెక్కకు అక్కరకు రాడు. ఇక ఒక్క మ్యాచిలో 15 తెచ్చినాడని మరునాడే ఎగబడి కొనొద్దు. ఐదు మ్యాచిలు చూడండి. దేవాంక్ దలాల్ 2024లో పట్నాకు 301 రైడ్ పాయింట్లు తెచ్చినాడు. సీజనుకు ముందు అతని పేరు మనలో ఎవరికి తెలుసు? ఐదో మ్యాచికల్లా తెలిసిపోయింది. 2025 వేలంలో బెంగాల్ వాళ్ళు 2.2 కోట్లు పెట్టినారు, అప్పటికి అందరికీ తెలుసు.

ఇప్పుడు ఆట ఆపేయాలన్న తమ్ముడి మాటకు వస్తాను. అతని కోపం ఊరికే రాలేదు. సీజను మధ్యలో కొందరు కాగితం రూపాయల మీద ఆగలేదు. మొదట చెనిక్కాయలు పందెం కాసినారు. తరువాత సబ్బు, కొబ్బరినూనె. ఆ తరువాత గుడ్డు. బుధవారం ఒక ఆరో తరగతి పిల్లవాడు తన పళ్ళెంలో గుడ్డు తీసి సీనియరు పళ్ళెంలో వేసి, తలొంచుకుని అన్నం తిన్నాడు. నాకు పక్క వరసలోనే. ఇంట్లో వారానికి ఒక గుడ్డు దొరకడమే కష్టమైన పిల్లలున్న బడి ఇది. ఓడిపోయినాడు గదా, ఇచ్చినాడు, ఇందులో ఏముంది అన్నారు ఇద్దరు ముగ్గురు. ఉంది. వాడికి ఆట లెక్క తెలియదు, ఆ సీనియరుకు తెలుసు. తెలిసినవాడు తెలియనివాడి దగ్గర తీసుకోవడానికి పెట్టిన పేరే పందెం.

డబ్బు పందేలైతే ఇక చెప్పనే అక్కర్లేదు. మా తండాలో ఒక అన్న ఫోనులో టీము కట్టి, మిరప కోతల కూలి మూడు వారాలది పోగొట్టుకున్నాడు. నాకంటే బాగా కబడ్డీ తెలిసినవాడే. రమ్మీలో తెలివిది పెద్ద పాత్ర అని 1967లోనే సుప్రీంకోర్టు చెప్పింది, అది మన సికింద్రాబాదు క్లబ్బు కేసే. ఆ మాట పట్టుకుని ఫోను ఆటలవాళ్ళు చాలా ఏళ్ళు "ఇది తెలివి ఆట" అంటూ వచ్చినారు. తెలివి ఉంటుంది, నేను కాదనను, పై పేజీ అంతా తెలివి గురించే రాసినాను. కానీ లక్షమంది కట్టిన టీముల్లో మనది ఒకటైనప్పుడు ఆ తెలివి ఎంత దూరం పోతుంది? మన రాష్ట్రంలో 2020లోనే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించినారు. 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి దేశమంతా ఆపింది. ఆ అన్నకు చట్టం సంగతి తెలుసు. తెలిసీ ఎట్లో ఆడినాడు.

అందుకని నా మాట ఇది. ఆట ఉండనివ్వండి. పందెం పోవాలి. లెక్కల పుస్తకంలో పేరున్న ఎవరైనా సబ్బు గాని గుడ్డు గాని పందెం కాస్తే ఆ టీము పేజీ చింపేయాలి, ఇద్దరిదీ. ఇది వార్డెన్ సారు చేయనక్కర్లేదు, మనమే చేసుకోవచ్చు. ఆట మొత్తం ఆపితే ఏమవుతుంది? పందెం దుప్పట్ల కిందికి పోతుంది, లెక్క రాసేవాడు ఉండడు. శాతాలు, సరాసరులు ఈ పుస్తకం వల్లనే వచ్చినాయని ఏడో తరగతిలో నలుగురు నాతో చెప్పినారు.

ఒక్క విషయంలో మాత్రం ఆ తమ్ముడి కంటే నాకే ఎక్కువ కోపం. ఆళ్లగడ్డ పోటీలకు మన టీము ఎంపిక జరిగే వారం, డార్మెటరీ తలుపు పక్కన ఎవరో కాగితం అంటించినారు. అందులో మన పన్నెండు మంది పిల్లలకు ధరలు. మీసం వచ్చిన రైడర్లకు 30, 25. ఎనిమిదో తరగతి చెంచు తమ్ముడికి ఒక రూపాయి. వాడు నల్లమల లోపలి గూడెం నుంచి వచ్చినవాడు, మాట తక్కువ. ఎడమ కార్నరు ఆడతాడు. ఆ కాగితం చూసి రెండు రోజులు గ్రౌండుకు రాలేదు. కడుపునొప్పి అన్నాడు.

ఆ ధర తప్పు అని నేను లెక్కతో రుజువు చేయగలను. ప్రాక్టీసు మ్యాచిల్లో వాడు చీలమండ పట్టు పట్టినప్పుడల్లా మిగతా ఇద్దరు వచ్చి మీద పడతారు, చప్పట్లు వాళ్ళకు కొడతారు. మొదటి చెయ్యి ఎవరిది అని ఎవరూ రాయరు. రాస్తే వాడి ధర 15కు తక్కువ కాదు. కానీ ఆ రుజువు నేను చేయను. 15 అని అంటించినా అది అంటించకూడని కాగితమే. పవన్, షాద్లూయ్ తమ ఇష్టంతో వేలంలో పేరు ఇచ్చుకున్నారు, వచ్చిన కోట్లు వాళ్ళ ఇంటికే పోతాయి. చెంచు తమ్ముడు ఏ వేలానికి పేరు ఇచ్చినాడు? వాడికి ఏం ముట్టింది? పక్క మంచంలో పడుకునేవాడికి ధర కట్టేటప్పుడు చెయ్యి ఎట్లా ఆడిందో నాకు తెలియదు. నిజామాబాద్ జిల్లా లంబాడీ ఇంటి అక్క గుగులోత్ సౌమ్య ఇండియాకు ఫుట్‌బాల్ ఆడింది. 2022లో క్రొయేషియా దేశపు డైనమో జాగ్రెబ్ క్లబ్బు ఆమెను తీసుకుంది. చిన్నప్పుడు ఆమె తలుపు పక్కన ఎవరైనా ఇట్లాంటి చీటీ అంటించి ఉంటే?

మన పిల్లల లెక్క రాయాలంటే పీఈటీ సారు తన రిజిస్టరులో రాసుకోవాలి, ఎంపిక అప్పుడు చూసుకోవాలి. కూతతో పాటు పట్టు కూడా రాయమని, మొదటి చెయ్యి పెట్టినవాడి పేరు రాయమని సారును ఈ చార్టు ద్వారా కోరుతున్నాను. ఆళ్లగడ్డలో గెలిస్తే నంద్యాలలో ఆడాలి, అక్కడి రైడర్లు మనకంటే పొడుగు. వాళ్ళను కూతతో గెలవలేము.

వచ్చే సీజనుకు ధరల పట్టిక విషయంలో నాకు మూడు కోరికలు ఉన్నాయి. ధరలు వేసే ముగ్గురిలో ఒకరు ఎనిమిదో తరగతి నుంచి ఉండాలి. పట్టిక శనివారం స్టడీ అవర్ అయినాక మారాలి, మధ్యలో దెబ్బలు తగిలినా ముట్టుకోకూడదు, లేకపోతే పేపరు చదివేవాడికి ఫలితం ఏముంటుంది? లైబ్రరీ పేపర్లో ఆటల పేజీని సాయంత్రం ఆరు దాకా ఎవరూ చింపకుండా చూడమని వార్డెన్ సారుకు మనవి. పోయిన సీజనులో మూడుసార్లు చింపినారు, చింపినవాడి టీము పట్టికలో ఎనిమిదో చోట ఆగిపోయింది, పేరు రాయను. కొత్త పుస్తకం కొనడానికి రెండు రూపాయలు చొప్పున వేసుకుందాం అని కొందరు అన్నారు. వద్దు. పాత రఫ్ నోట్సుల వెనక పేజీలు కుట్టుకుంటే సరిపోతుంది, దబ్బనం నా పెట్టెలో ఉంది.

— పదవ తరగతి, 'బి' సెక్షన్